పదవి పోతే పోనీ, పని ఎవరి చేతికి?

2014లో మా విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒకాయన ఎన్నికల్లో నిలబడి, నన్ను గెలిపిస్తే ఈ పదవే లేకుండా చేస్తానని హామీ ఇచ్చారు. ఆయన పేరు మాట్ ఆడమ్‌చిక్. పదవి రాష్ట్ర ట్రెజరర్. ఆయన గెలిచారు. అంతకు నాలుగేళ్ల ముందు గెలిచిన కర్ట్ షులర్ కూడా అదే మాట చెప్పి గెలిచినవారే. వరసగా రెండుసార్లు, ఆ కుర్చీ అక్కర్లేదన్న మనిషినే జనం ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. చివరికి 2018 ఏప్రిల్ 3న అసలు ప్రశ్న మా ముందుకే వచ్చింది: రాష్ట్ర రాజ్యాంగంలోంచి ట్రెజరర్ పదవిని తీసెయ్యమంటారా, వద్దంటారా?

నేను వద్దని ఓటేశాను. ఎందుకు వేశానో మన పాఠకులకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఊరికి ఫోన్ చేసినా, ఇక్కడ నలుగురు తెలుగువాళ్లు కలిసినా ‘ఆ పదవి దండగ, ఈ సభ దండగ, ఎత్తి పారేస్తే డబ్బు మిగులుతుంది’ అన్న మాట తరచూ వినిపిస్తోంది. ఒక్కోసారి అది నిజమే. కానీ ఆ మాట అనే ముందు వెయ్యాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎవరూ వెయ్యడం లేదు.

మనకు అలవాటైన పద్ధతిలో ముఖ్యమంత్రి తన మంత్రుల్ని తానే ఎంచుకుంటాడు. ఆర్థికమంత్రి నచ్చకపోతే తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటాడు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అలా నడవవు. మన ముఖ్యమంత్రి స్థానంలో ఇక్కడ గవర్నర్ ఉంటాడు. ఆయన్ని ఎన్నుకున్నట్టే అటార్నీ జనరల్‌ను, సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను, ట్రెజరర్‌ను కూడా జనమే విడివిడిగా ఎన్నుకుంటారు. వాళ్లు వేరే పార్టీవాళ్లయినా గవర్నర్ తీసెయ్యలేడు. కొత్త రాష్ట్రాలు రాజ్యాంగాలు రాసుకున్న పందొమ్మిదో శతాబ్దంలో, ఖజానా తాళమూ సంతకమూ ముద్రా ఒక్కడి చేతిలో ఉండకూడదని జనం పట్టుబట్టారు. మా రాష్ట్ర రాజ్యాంగం 1848 నాటిది. ట్రెజరర్ పదవి అప్పటి నుంచీ అందులో ఉంది.

అయితే ఆ రాజ్యాంగంలోనే ఒక సందు ఉంది. ట్రెజరర్ ఉండాలని రాశారు గానీ, ఆయన ఏ పనులు చెయ్యాలో చట్టసభ నిర్ణయిస్తుందన్నారు. గత ముప్పై ఏళ్లలో చట్టసభ ఆ సందులోంచి ఒక్కో పనీ బయటికి లాగేసింది. రాష్ట్రం రోజువారీ నగదు చూసుకునే పని గవర్నర్ కింది పరిపాలనా శాఖకు పోయింది. పిల్లల కాలేజీ చదువులకు తల్లిదండ్రులు దాచుకునే పథకమూ అక్కడికే పోయింది. జనం మరిచిపోయిన బ్యాంకు ఖాతాలు, వాపసు రాని డిపాజిట్లు వెతికి వారసులకు ఇచ్చే పని 2013లో రెవెన్యూ శాఖకు వెళ్లింది. ఆ శాఖాధిపతిని నియమించేది కూడా గవర్నరే. ఒక పార్టీ ప్రభుత్వం కొంత తీసుకుంటే ఇంకో పార్టీ ప్రభుత్వం మరికొంత తీసుకుంది. ఇందులో పార్టీల తేడా నాకు కనబడలేదు. పనులన్నీ లాక్కున్నాక అందరూ కలిసి ఒకటే పాట అందుకున్నారు: చూడండి, ఈ ట్రెజరర్‌కి పనేమీ లేదు, ఎందుకీ దండగ?

ఒక్క పని మాత్రం వాళ్లు తీసుకోలేకపోయారు. అది రాజ్యాంగంలోనే రాసి ఉంది కాబట్టి. ప్రభుత్వ భూముల కమిషనర్ల బోర్డని ఒకటుంది. అందులో ముగ్గురే సభ్యులు: సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్, ట్రెజరర్. ముగ్గురినీ జనమే ఎన్నుకుంటారు, ముగ్గురిలో ఒక్కరూ గవర్నర్ మనిషి కారు. నా బతుకుతెరువు ఆ బోర్డుతో ముడిపడి ఉంది. నేను రాష్ట్ర రాజధాని మాడిసన్‌కి కొంచెం దూరంలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల లైబ్రరీలో పనిచేస్తాను.

ఆ ముడి ఎలా పడిందో చెప్పాలి. విస్కాన్సిన్ రాష్ట్రం అయినప్పుడు ఫెడరల్ ప్రభుత్వం ప్రతి టౌన్‌షిప్‌లోనూ ఒక సెక్షన్‌ను బడుల కోసం ఇచ్చేసింది. టౌన్‌షిప్ అంటే 36 చదరపు మైళ్లు. అందులో పదహారో నంబరు సెక్షన్, అంటే 640 ఎకరాలు, బడిది. ఆ భూముల్ని అమ్మగా వచ్చిన సొమ్ము ఖర్చు చెయ్యకూడదు. దాన్ని నిధిగా ఉంచి, వడ్డీ మాత్రమే వాడాలి. కోర్టుల్లో వసూలయ్యే జరిమానాలు, వారసులు లేని ఆస్తులు కూడా ఆ నిధిలోనే చేరతాయి. కామన్ స్కూల్ ఫండ్ అంటారు. భూముల్లో చాలా భాగం ఎప్పుడో అమ్ముడైపోయింది. ఉత్తరాది అడవుల్లో ఇప్పటికీ దాదాపు 77 వేల ఎకరాలు బోర్డు చేతిలో ఉన్నాయి. నిధి మాత్రం వంద కోట్ల డాలర్లు దాటింది. ఊళ్లకు, బడి జిల్లాలకు (ఒక ప్రాంతంలోని బడుల్ని నడిపే స్థానిక సంస్థలకు) ఈ నిధి నుంచి అప్పు కూడా ఇస్తారు. 1871 నుంచి ఇస్తున్నారు. ఊరికి ఫైరింజను కావాలన్నా, బడి పైకప్పు మార్చాలన్నా ఆ అప్పు తీసుకుంటారు. ఊరు కట్టిన వడ్డీ మళ్లీ పిల్లల పుస్తకాలకే వస్తుంది. ఇంత సొగసైన ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ వడ్డీని ఏటా వసంతంలో బడి జిల్లాలకు పంచుతారు. జిల్లాలో నాలుగేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి, తలసరిగా ఇస్తారు. జీతాలకు వాడకూడదు. లైబ్రరీకే వాడాలి. జూన్ ఆఖరులోగా ఖర్చుపెట్టి లెక్క చూపాలి. మా బడికి వేరే ఏ పద్దు నుంచీ పుస్తకాలకు చెప్పుకోదగ్గ డబ్బు రాదు. ఏప్రిల్ వచ్చేసరికి నా బల్ల మీద రెండు జాబితాలుంటాయి. ఒకటి, చిరిగి టేపులంటించి ఇక పనికిరావని పక్కన పెట్టిన పుస్తకాలది. రెండోది, పిల్లలు అడిగి లేదనిపించుకున్న పుస్తకాలది. ఈ రెండో జాబితాను ఏడాది పొడుగునా ఒక పాత నోటుపుస్తకంలో నేనే రాస్తాను. పాడి పొలాల్లోని ట్రాక్టర్ల గురించి బొమ్మల పుస్తకం, తిమింగలాల గురించి పెద్ద పుస్తకం, మూడో భాగం ఉండి నాలుగో భాగం లేని కథల వరస. మా దగ్గర హ్మాంగ్ కుటుంబాలు చాలా ఉన్నాయి, లావోస్ కొండల నుంచి యుద్ధం తర్వాత వచ్చినవాళ్లు. ఒక చిన్నపిల్ల వాళ్ల అమ్మమ్మ చదవగలిగే పుస్తకం ఉందా అని అడిగింది. ఇంగ్లీషు, హ్మాంగ్ రెండు భాషలూ పక్కపక్కన ఉన్న బొమ్మల పుస్తకాలు నాలుగు ఆ ఏడు తెప్పించాను. వచ్చిన రోజు వాటి వెన్ను మీద చీటీ అంటించి, నంబరు వేసి, అలమరలో పెట్టకుండా నేరుగా ఆ పిల్ల చేతికిచ్చాను. వాటి బిల్లు మీద కామన్ స్కూల్ ఫండ్ అని రాసి ఉంది.

కాబట్టి ట్రెజరర్‌కి ఒక్క పనే మిగిలిందన్నప్పుడు, అది చిన్న పని అని నేను ఎలా అనుకోగలను?

ఆ మిగిలిన ఒక్క ఓటుకు ఎంత బలముందో ఆడమ్‌చిక్‌గారే రుజువు చేశారు. 2015 ఏప్రిల్‌లో, పదవిలోకి వచ్చిన మూడు నెలలకే, బోర్డు సిబ్బంది పనివేళల్లో భూతాపం గురించి పనిచెయ్యకూడదని ఆయన తీర్మానం పెట్టారు. అటార్నీ జనరల్ బ్రాడ్ షిమెల్ ఆయనవైపు ఓటేశారు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ డగ్ లఫాలెట్ వ్యతిరేకించారు. రెండుకు ఒకటితో తీర్మానం నెగ్గింది. అప్పుడు బోర్డు కార్యదర్శి టియా నెల్సన్. ఎర్త్ డేను మొదలుపెట్టిన సెనేటర్ గేలార్డ్ నెల్సన్ కూతురు. అడవుల్ని చూసుకునే ఆఫీసులో వాతావరణం గురించి మాట్లాడకూడదని రాసుకున్నారని దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ తీర్మానం మంచిదని నేననుకోను. ఇక్కడ నేను చెప్పదలచింది వేరు. ఈ పదవి వల్ల ఏమీ జరగదన్న మనిషి, ఆ పదవి ఇచ్చిన ఓటుతోనే అంత పని చెయ్యగలిగారు. ముగ్గురిలో ఒక ఓటు మూడోవంతు బోర్డు. వంద కోట్ల డాలర్ల నిధి మీద మూడోవంతు మాట.

ఇక బ్యాలెట్ మీది ప్రశ్న. ఫలానా అధికరణం ఫలానా సెక్షన్లు సవరించి, ఇంకోటి కొత్తగా చేర్చి, ట్రెజరర్ పదవిని తొలగించాలా అని సగం దాకా ఉంది. మిగతా సగంలో, బోర్డులో ఆ స్థానాన్ని లెఫ్టినెంట్ గవర్నర్‌కు ఇవ్వాలా అని ఉంది. మొదటి సగం గురించి అందరూ మాట్లాడారు. రెండో సగం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మా రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్, గవర్నర్ ఒకే జంటగా పోటీచేస్తారు. ఒక్క ఓటుతో ఇద్దరూ గెలుస్తారు. గవర్నర్ గాలిలో గెలిచి, గవర్నర్ పక్కనే కూర్చునే మనిషి. 1848లో రాజ్యాంగం రాసినవాళ్లు గవర్నర్‌ని ఆ బోర్డు బయటే ఉంచారు. పిల్లల సొమ్ము కదా, బడ్జెట్‌లో లోటు వచ్చిన ఏడు దాని మీద మొదట కన్నుపడేది గవర్నర్‌కే. 2018లో పొదుపు పేరుతో గవర్నర్ నీడను బోర్డులోకి తీసుకురాబోయారు. ఆ రెండో సగం చదివినప్పుడే నా నిర్ణయం అయిపోయింది.

ఓటుకు రెండు వారాల ముందు, మా ఊరి తెలుగు సంఘంవాళ్ల ఉగాది దగ్గర ఒక కుర్రాడితో దీని గురించే గట్టిగా వాదన జరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొత్తగా పౌరసత్వం వచ్చింది, మొదటిసారి ఓటెయ్యబోతున్నాడు.

“అక్కా, పనే లేని పదవికి జీతమెందుకు? మన కంపెనీలో అయితే ఎప్పుడో తీసేసేవాళ్లు,” అన్నాడు.

“జీతం ఎంతో తెలుసా నాన్నా?”

తెలియదన్నాడు. అప్పట్లో ఏడాదికి సుమారు 70 వేల డాలర్లు. రాష్ట్రంలో 58 లక్షల మంది ఉండేవాళ్లం. తలకి ఒక సెంటు పైచిలుకు. నేను ఫోన్‌లో లెక్కకట్టి చూపించాను. “ఆ సెంటు మిగిల్చుకుని, వంద కోట్ల నిధికి కాపలా ఉన్న ముగ్గురిలో ఒకర్ని తీసేద్దామంటావా?” అన్నాను.

“సరే, కానీ కాపలా ఆయనే ఉండాలని ఏముంది? ఇంకెవరైనా ఉండొచ్చుగా.”

ఆ ప్రశ్న మంచిది. నిజానికి అసలు ప్రశ్న అదే. పదవి పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. పని ఎవరి చేతికి పోతోంది, ఆ చేతిని జనం మార్చగలరా లేదా, అదొక్కటే చూడాలన్నాను. అతను కాసేపు ఆలోచించి, ఆ రెండో సగం తనకు చదివి చెప్పమన్నాడు. ఏ ఓటు వేశాడో నేనడగలేదు.

పదవులు రద్దు కావడం అన్నిసార్లూ తప్పు కాదు. లూసియానాలో ఎన్నికల కమిషనర్‌ని కూడా జనమే ఎన్నుకునేవారు. ఓటింగ్ యంత్రాలు కొనడం, సర్దడం ఆయన పని. జెర్రీ ఫౌలర్ అనే కమిషనర్ ఆ యంత్రాల కొనుగోళ్లలో లంచాలు తిని 2000లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లారు. 1999లో ఆ పదవికి పోటీచేసిన సుజాన్ టెరెల్, గెలిస్తే దీన్ని రద్దు చేయిస్తానన్నారు. చేయించారు కూడా. 2004 నుంచి ఆ పని సెక్రటరీ ఆఫ్ స్టేట్ చూస్తున్నారు. ఆ సెక్రటరీని కూడా జనమే ఎన్నుకుంటారు. టెక్సస్‌లో మార్తా వైట్‌హెడ్ అనే ట్రెజరర్ 1994లో తన పదవి అక్కర్లేదని చెప్పే గెలిచారు. మరుసటి ఏడాది జనం ఒప్పుకున్నారు, 1996లో ఆఫీసు మూతపడింది. ఆ పని రాష్ట్ర లెక్కలు చూసే కంప్‌ట్రోలర్‌కు పోయింది. ఆయన్నీ జనమే ఎన్నుకుంటారు. ఈ రెండుచోట్లా నేనుండి ఉంటే రద్దుకే ఓటేసేదాన్ని. తాళం ఒక జనప్రతినిధి నుంచి ఇంకో జనప్రతినిధి చేతికి మారింది, అంతే.

ఇల్లినాయ్ కథ దీనికి రెండోవైపు. 1956లో అక్కడి పద్దుల ఆడిటర్ ఆర్విల్ హాడ్జ్ దొంగ చెక్కులు రాసి లక్షల డాలర్లు కాజేశాడని ఒక షికాగో పత్రిక బయటపెట్టింది. 1970లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ ఆడిటర్ పదవి స్థానంలో కంప్‌ట్రోలర్‌ను పెట్టారు. బిల్లు చెల్లించమని ఆదేశం రాసేది కంప్‌ట్రోలర్, డబ్బు దాచేది ట్రెజరర్. తర్వాత ఆ రెండు పదవుల్నీ చేసిన జూడీ బార్ టోపింకానే, ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటర్లలో ఉంటాయి, రెండూ కలిపేద్దాం, ఏటా కోటి 20 లక్షల డాలర్లు మిగులుతాయి అన్నారు. స్పీకర్ మైకేల్ మాడిగన్ సభలో ముందుకు కదలనివ్వలేదు. టోపింకా వాదనలో బలం ఉంది. ఆవిడ రెండు కుర్చీల్లోనూ కూర్చుని చూసిన మనిషి. అయినా హాడ్జ్ చేసిన పని గుర్తున్న రాష్ట్రం జంకుతుందంటే అర్థం చేసుకోగలను.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టినది ఇండియానా. అక్కడ విద్యాశాఖకు అధిపతి అయిన సూపరింటెండెంట్‌ను జనమే ఎన్నుకునేవారు. 2012లో గ్లెండా రిట్జ్ అనే ఆవిడ, పదవిలో ఉన్న టోనీ బెనెట్‌ను ఓడించారు. ఆవిడ ఇండియానాపొలిస్‌లో ఒక బడి లైబ్రరీ నడిపిన టీచరు. నాలాంటి ఉద్యోగం చేసిన మనిషి. ప్రచారానికి బెనెట్ దగ్గరున్న డబ్బులో చిన్న వంతే ఆవిడ దగ్గర ఉంది. అదే రోజు గవర్నర్‌గా గెలిచిన మైక్ పెన్స్‌కి వచ్చినవాటికన్నా ఆవిడకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆవిడ డెమొక్రాట్, ఆయన రిపబ్లికన్. మరుసటి ఏడాది పెన్స్ విద్యా వ్యవహారాలకు తన కింద వేరే ఆఫీసొకటి తెరిచారు. విద్యా మండలిలో మిగతా సభ్యులందరూ గవర్నర్లు నియమించినవారే, అధ్యక్షత ఆవిడది. సమావేశాలు తగవులతో గడిచిపోయాయి. 2016లో ఆవిడ ఓడిపోయారు. తర్వాత గెలిచిన జెనిఫర్ మెకార్మిక్ అప్పటికి రిపబ్లికనే, అయినా సొంత పార్టీ నాయకత్వంతో పడలేదు, మళ్లీ పోటీ చెయ్యనన్నారు. ఈలోగా చట్టసభ ఏం చేసిందంటే, ఆ పదవికి ఎన్నికే తీసేసింది. 2021 జనవరి నుంచి విద్యా కార్యదర్శిని గవర్నర్ నియమిస్తున్నారు.

దానికి జనాన్ని అడగనే లేదు. ఇండియానా రాజ్యాంగంలో సూపరింటెండెంట్ ఉండాలని ఉంది గానీ, ఎలా ఎంచుకోవాలో చట్టసభ చూసుకుంటుందని ఉంది. చట్టాలతోనే పని అయిపోయింది. విద్యాశాఖ ఒక్కరి మాట మీద నడిస్తే మేలు కదా అన్నవాళ్ల వాదన నాకు తెలుసు. ఇద్దరు పెద్దల తగవులో బడులు నలిగాయన్నదీ నిజమే. కానీ ఆ తగవు పెట్టింది ఓటరు. 2012 నవంబరులో ఒకే కాగితం మీద పెన్స్‌నూ రిట్జ్‌నూ కలిపి ఎంచుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. మీ పరీక్షల పద్ధతి మాకు నచ్చలేదు, మీ పన్నుల పద్ధతి నచ్చింది అని విడదీసి చెప్పగలిగారు. ఇప్పుడు అలా చెప్పే దారి వాళ్లకు లేదు. నాలుగేళ్లకోసారి గవర్నర్ పేరు పక్కన గీత గీసి, బడుల సంగతి కూడా ఆ మనిషికే వదిలెయ్యాలి.

మా విస్కాన్సిన్‌లో మమ్మల్ని అడగకుండా తీసెయ్యలేరు. చట్టసభ వరసగా రెండు విడతల్లో ఆమోదించాలి, తర్వాత జనం ఒప్పుకోవాలి. ఏప్రిల్ ఎన్నికలకు జనం తక్కువ వస్తారు. ఆ రోజు బ్యాలెట్ మీద పెద్ద పోటీ సుప్రీంకోర్టు జడ్జి స్థానానిదే. ట్రెజరర్ సంగతి ఎవరికీ పట్టదని చాలామంది అనుకున్నారు. పదవి ఉండాలని ప్రచారం చేసినవాళ్లలో సారా గాడ్లెవ్‌స్కీ అనే డెమొక్రాట్ ఉన్నారు, పూర్వం పన్నెండేళ్లు ట్రెజరర్‌గా చేసిన జాక్ వోయిట్ అనే రిపబ్లికన్ కూడా ఉన్నారు. ఫలితం వచ్చాక చూస్తే నూటికి దాదాపు 62 మంది వద్దన్నారు. ఆ నవంబరులో గాడ్లెవ్‌స్కీయే ట్రెజరర్‌గా గెలిచారు. 2022లో రిపబ్లికన్ జాన్ లైబర్ గెలిచారు. ఇద్దరూ పదవి ఎత్తేస్తామనకుండా పోటీచేసినవారే.

లైబ్రరీలకు వచ్చే వడ్డీ 2018లో మూడు కోట్ల డాలర్లకు పైగా ఉండేది. ఈమధ్య ఏడాదికి ఆరు కోట్లు దాటింది. అదంతా ట్రెజరర్ల ఘనతేనని నేననను. పాత నిబంధన ప్రకారం బాండ్లలోనే పెట్టాల్సిన డబ్బును ఇంకా విస్తృతంగా పెట్టుబడి పెట్టుకోవచ్చని చట్టసభ సడలించడం వల్ల రాబడి పెరిగింది. కానీ పెరిగిన రాబడిని ఎవరూ పక్కకు లాక్కోకుండా ఆ ముగ్గురూ కూర్చుని ప్రతి పంపిణీకీ ఓటేస్తున్నారు. ఆ సమావేశాలు ఎవరైనా వినవచ్చు. నేను విన్నాను. కలప వేలం, రోడ్డు దారి హక్కు, ఊళ్ల అప్పు దరఖాస్తులు, ఒక్కొక్కటీ చదివి ఆమోదిస్తారు. చాలా చప్పగా ఉంటుంది. పిల్లల డబ్బు గురించి మాట్లాడే సమావేశం అలా చప్పగానే ఉండాలి.

మన దగ్గర ఈ వాదన ఎలా నడుస్తుందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కార్యనిర్వాహక పదవి కాదు, అయినా రద్దు మాట ఎలా పుడుతుందో దాని చరిత్ర చెబుతుంది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మండలిని రద్దు చేయించినప్పుడు అందులో కాంగ్రెస్‌ది పైచేయి. 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరి 27న జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం రద్దుకు తీర్మానం చేసింది. అంతకు కొద్దిరోజుల ముందే మూడు రాజధానుల బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి పంపింది. 2021 నవంబరులో, అప్పటికి మండలిలో తమ బలం పెరిగాక, ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకున్నారు. రెండుసార్లూ చెప్పిన కారణాల్లో ఖర్చు ఉంది. మండలి ఉండాలో వద్దో నాకు గట్టి అభిప్రాయం లేదు. ఖర్చు అనే కారణం మాత్రం నేను నమ్మను. అడ్డం పడినప్పుడు బరువైన సభ, అడ్డం తొలగాక బరువు కాకుండా ఎలా పోతుంది?

నాకు ఇంకా దగ్గరిది గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు వసూలు చేస్తారు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. విస్కాన్సిన్ వాళ్ల ఏర్పాటుకు ఏమాత్రం తీసిపోని ఆలోచన అది. పోయినసారి వెళ్లినప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. దినపత్రికల బల్ల దగ్గర పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. కొందరు కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకున్నారు. పిల్లల పుస్తకాల అలమరలో నేను చిన్నప్పుడు చూసిన అట్టలే కనిపించాయి. “కొత్తవి ఎప్పుడొచ్చాయండీ?” అని అడిగితే, “సెస్సు బకాయిలు జమకావడం లేదమ్మా, వస్తే తెప్పిస్తాం,” అన్నారు అక్కడి లైబ్రేరియన్. జనం పన్ను కట్టారు. రసీదు మీద ఆ పద్దు ఉంది. డబ్బు మధ్యలో ఆగింది. ఎవరిని నిలదియ్యాలి? సంస్థ చైర్మన్‌ని ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే ఆయనా మారతాడు. ఆయనకు ఓటెయ్యనివాళ్లం ఆయన్ని లెక్క అడిగినా ఆయనకు పోయేదేమీ లేదు. ఆ సెస్సుకు కాపలాగా ఒక్క మనిషి, జనం ఓటుతో వచ్చి జనం ఓటుతో పోయే మనిషి, జిల్లాకు ఒకరు ఉంటే ఎంత బాగుండునని అలమర ముందు నిలబడి అనుకున్నాను. మనకు అలాంటి పదవి లేదు. విస్కాన్సిన్‌లో ఉన్నదాన్ని తీసెయ్యమన్నారు.

మా రాష్ట్రంలో ఇది ముగిసిపోలేదు. డగ్ లఫాలెట్ నలభై ఏళ్లకు పైగా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉన్నారు. ఆ కాలంలోనే ఆ ఆఫీసు పనులూ సిబ్బందీ తగ్గుతూ వచ్చాయి, చివరికి కాపిటల్ నేలమాళిగలోని చిన్న గదికి చేరింది. 2023 మార్చిలో ఆయన రాజీనామా చేశారు. మిగిలిన పదవీకాలానికి ఆయన స్థానంలో గవర్నర్ ఎవర్స్ గాడ్లెవ్‌స్కీని నియమించారు. ట్రెజరర్ విషయంలో చూసిన దారే ఇది, ముందు ఖాళీ చెయ్యడం, తర్వాత ఖాళీగా ఉందనడం. రేపు ఆ పదవి మీదా ఇదే ప్రశ్న రావచ్చు. ఆ కుర్చీ కూడా భూముల బోర్డులోదే.

అందుకే మా చట్టసభ సభ్యులకు నేను రాసిన ఉత్తరంలో మూడు మాటలు అడిగాను. మరిచిపోయిన ఖాతాల పని ట్రెజరర్‌కు తిరిగివ్వండి, ఆ పని ఉన్నప్పుడు ఆ ఆఫీసు తలుపు తట్టడానికి జనానికి కారణం ఉండేది. పదవి తీసెయ్యాలని మళ్లీ అనిపిస్తే ఆ ప్రశ్నను ఏప్రిల్‌లో కాకుండా, అందరూ వచ్చే నవంబరు బ్యాలెట్ మీద పెట్టండి. పెట్టినప్పుడు, బోర్డులో ఆ స్థానం ఎవరికి పోతుందో మొదటి వాక్యంలోనే రాయండి. మొదటిదానికి ఒక సభ్యుడు జవాబు రాశారు, పరిశీలిస్తామన్నారు. మిగతా రెండింటికీ ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.